గగన నేత్రం - సతీష్ ధావన్

పాఠ్యభాగ ఉద్దేశం

దేశరక్షణకు, ప్రజాసంక్షేమానికి ఉపగ్రహాలు నేడు కన్నులవంటివి. వాటి నిర్మాణంలో ప్రభుత్వమూ వాణిజ్య సంస్థలూ కలిసి పనిచేయడం అనివార్యమైంది. పనిని పదిమందికి పంచుతూనే బాధ్యతను తమపై నిలుపుకొన్న మహనీయుడు ఆచార్య సతీష్ ధావన్. ఆయన జీవితాన్ని, ఆ జీవితం నేటి తరానికి మిగిల్చిన ప్రశ్నను విద్యార్థులకు తెలియజేయడమే ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

ప్రాచీన రాజనీతి శాస్త్రకారులు చారులను రాజుకు నేత్రాలుగా భావించారు. సామాన్యుడు తన కన్నులతో చూస్తాడు, ప్రభువు చారుల ద్వారా చూస్తాడని వారి అభిప్రాయం. కౌటిల్యుని అర్థశాస్త్రం గూఢచారులను పలు తెగలుగా విభజిస్తూ వర్తకుని వేషంలో సంచరించే చారునికి కూడా స్థానం కల్పించింది. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి భాగంలో, దూరదేశాల నుండి ఏనుగులను, గుర్రాలను తెచ్చే వర్తకులను ఆదరించి, ఆ సంపద శత్రువుల పాలు కాకుండా చూసుకోవాలని బోధించారు. రాజ్యరక్షణకూ వర్తకానికీ ఉన్న బంధం ఎంత పాతదో దీనివల్ల తెలుస్తుంది. యుద్ధాశ్వాల స్థానాన్ని నేడు ఉపగ్రహాలు ఆక్రమించాయి. చారుని చూపు భూమిని విడిచి ఆకాశానికి చేరింది. కాని రాయలవారిని ఆలోచింపజేసిన సమస్య మాత్రం అలాగే మిగిలి ఉంది. రాజ్యానికి ప్రాణప్రదమైన వస్తువు వర్తకుని చేతిలో ఉన్నప్పుడు రాజ్యం ఏ విధంగా ప్రవర్తించాలి?

ఆకాశం నుండి నిఘా వేయడం అమెరికాలో 1960లో సఫలమైంది. కరోనా అనే రహస్య పథకం కింద ఉపగ్రహాలు సోవియట్ భూభాగాన్ని ఫోటోలు తీసేవి. ఆ ఫిల్ము చుట్టను ఒక గుళికలో ఉంచి కిందికి వదిలితే, పారాచూటుతో దిగుతున్న ఆ గుళికను విమానం గాలిలోనే కొక్కెంతో పట్టుకొనేది. లోకానికి దీనిని శాస్త్ర ప్రయోగంగా చెప్పారు. 1995లో గాని ఆ ఛాయాచిత్రాలు బహిర్గతం కాలేదు. అవి ఎనిమిది లక్షలకు పైగా ఉన్నాయి. ఈ పథకంలో ఉపగ్రహ వాహనాన్ని లాక్‌హీడ్, కెమెరాను ఐటెక్, ఫిల్మును ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలు అందించాయి. ఇవన్నీ ప్రైవేటు సంస్థలే. అంటే గూఢచారి ఉపగ్రహం పుట్టినది మొదలే ప్రభుత్వం వర్తకుని సహాయం కోరింది. అయితే ఆనాడు వస్తువు చేసి ఇవ్వడం వరకే సంస్థల పని. ఉపగ్రహమూ, అది తీసిన చిత్రమూ ప్రభుత్వానివి.

కరోనా పథకం 1972లో ముగిసింది. అదే సంవత్సరం భారతదేశంలో అంతరిక్ష కార్యక్రమ పగ్గాలను ఒక ఆచార్యుడు చేపట్టారు. ఆయనే సతీష్ ధావన్. ఆయన గూఢచారి ఉపగ్రహాన్ని నిర్మించలేదు. పంటలను, నీటిని, అడవులను చూసే కంటిని దేశానికి ఇవ్వాలని పాటుపడ్డారు. కాని పైరును చూసిన కన్నే పటాలాన్నీ చూడగలదు. ఆ కంటిని సొంతంగా చేసుకొనే నేర్పును దేశానికి అలవరచిన వారిలో ఆయన అగ్రగణ్యులు.

సతీష్ ధావన్ 1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో జన్మించారు. తండ్రి అవిభక్త పంజాబు రాష్ట్రంలో ఉన్నతోద్యోగి. ధావన్ విద్యాభ్యాసం లాహోరులో సాగింది. పంజాబు విశ్వవిద్యాలయం నుండి ఆయన పొందిన పట్టాలు ఆశ్చర్యం గొలుపుతాయి. గణిత, భౌతిక శాస్త్రాలలో బి.ఎ., ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఎ., అటుపిమ్మట 1945లో మెకానికల్ ఇంజనీరింగులో పట్టా! కావ్యాన్ని, యంత్రాన్ని సమాన ప్రీతితో చదివిన మనస్సు అది. సాహిత్యం మనిషిని అర్థం చేసుకోవడం నేర్పుతుంది. వేలమంది మనుషులను ఒక్క కార్యానికి ఉన్ముఖులను చేయవలసిన వ్యక్తికి ఆ చదువు వృథా పోలేదు.

తరువాత ఆయన ఉన్నత విద్యకై అమెరికా వెళ్లారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1947లో ఎం.ఎస్. పూర్తిచేశారు. అదే సంవత్సరం దేశానికి స్వాతంత్ర్యం లభించింది. దేశం రెండుగా చీలింది. ఆయన చదువుకొన్న లాహోరు పరదేశమైపోయింది. ధావన్ కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థలో చేరి, ప్రఖ్యాత శాస్త్రవేత్త హాన్స్ లీప్‌మన్ మార్గదర్శకత్వంలో పరిశోధన సాగించి 1951లో డాక్టరేటు పొందారు. ధ్వనివేగాన్ని మించిన వేగంతో వస్తువు గాలిలో పయనించినప్పుడు ఆఘాత తరంగాలు పుడతాయి. ఆ తరంగాలకూ, వస్తువును అంటిపెట్టుకొని ఉండే పలుచని గాలిపొరకూ నడుమ జరిగే చర్యను ఆయన పరిశీలించారు. విమానాల, రాకెట్ల రూపకల్పనకు మూలమైన విద్య ఇది.

1951లో ఆయన స్వదేశానికి తిరిగివచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో చేరారు. 1955 నాటికి అక్కడి వైమానిక ఇంజనీరింగు శాఖకు అధిపతి అయ్యారు. దేశంలోని తొలి సూపర్‌సోనిక్ పవన సొరంగాల నిర్మాణానికి ఆద్యులయ్యారు. పవన సొరంగమంటే గాలిని అతివేగంగా ప్రవహింపజేసి, ఆ ప్రవాహంలో విమాన నమూనాను నిలిపి, దానిపై పడే బలాలను కొలిచే సాధనం. పరికరాలను విదేశాల నుండి కొనితెచ్చుకోవడం కంటె తామే తయారుచేసుకోవడం మేలని శిష్యులకు చేతల ద్వారా నేర్పారు.

1962లో ఆ సంస్థకు సంచాలకులుగా ఉన్న తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం అనంతరం ధావన్ ఆ పదవిని స్వీకరించారు. అప్పటికి ఆయన వయస్సు నలభై రెండేండ్లు. 1981 వరకు, దాదాపు రెండు దశాబ్దాల పాటు, ఆ పదవిలో కొనసాగారు. పాలనాభారం ఎంత ఉన్నా బోధనను విడువలేదు.

1971 డిసెంబరు 30న భారత అంతరిక్ష కార్యక్రమ పితామహుడు విక్రం సారాభాయి హఠాత్తుగా మరణించారు. కార్యక్రమం ఇంకా శైశవ దశలోనే ఉంది. తిరుచిరాపల్లికి గాని తిరుపతికి గాని ప్రయాణం చేసినంత తేలికగా ఉపగ్రహ ప్రయోగాలు చేసే నేటి కాలం కాదు అది. ఆనాడు దేశానికి సొంత ఉపగ్రహం లేదు, ఉపగ్రహాన్ని మోసే రాకెట్టూ లేదు. ఆనాటి నెల్లూరు జిల్లాలో, పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ మధ్యనున్న శ్రీహరికోట దీవిలో 1971 అక్టోబరులో ఒక చిన్న రాకెట్టును ఎగురవేశారు, అంతే. ధావన్ అప్పుడు అధ్యయన నిమిత్తం మరల కాలిఫోర్నియాలో ఉన్నారు. ప్రధాని ఇందిరాగాంధి ఆయనను ఈ బాధ్యత స్వీకరించవలసిందిగా కోరారు. ధావన్ వెంటనే అంగీకరించలేదు. చేపట్టిన విద్యాసంవత్సరాన్ని పూర్తిచేసుకొని వస్తానన్నారు. విజ్ఞాన సంస్థ సంచాలక పదవిని విడువనన్నారు. అంతరిక్ష కార్యక్రమ కేంద్ర కార్యాలయం బెంగుళూరులో ఉండాలన్నారు. ప్రధాని ఆ షరతులను మన్నించారు. ఆయన వచ్చేవరకు ఎం.జి.కె. మీనన్ ఆ బాధ్యతను నిర్వహించారు. 1972లో అంతరిక్ష సంఘం, అంతరిక్ష విభాగం ఏర్పడ్డాయి. ధావన్ వాటితోపాటు భారత అంతరిక్ష పరిశోధన సంస్థ పగ్గాలు చేపట్టి 1984 వరకు నడిపారు.

ఆయన ముందు మూడు మార్గాలున్నాయి. ఇతరుల ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకోవడం మొదటిది. ఇతరులచేత చేయించి కొనడం రెండవది. సొంతంగా నిర్మించుకోవడం మూడవది. ధావన్ ఈ మూడింటిలో దేనినీ చిన్నచూపు చూడలేదు. అయితే మొదటి రెండూ మూడవదానికి మెట్లు కావాలన్నది ఆయన కార్యక్రమమంతటా కనిపించే సూత్రం.

అరువు మార్గానికి ఉదాహరణ 1975-76లో జరిగిన సైట్ ప్రయోగం. అమెరికా ఉపగ్రహాన్ని ఏడాది పాటు అరువు తీసుకొని, ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాలలోని 2400 గ్రామాలకు విద్యా, వ్యవసాయ కార్యక్రమాలను దూరదర్శన్ ద్వారా చేరవేశారు. సంవత్సరం ముగియగానే ఉపగ్రహం తిరిగి వెళ్లిపోయింది. పల్లెలలో తెరలు చీకటిపడ్డాయి. అరువు సొమ్ము ఎన్నటికైనా అరువు సొమ్మే గదా!

భూమిని పరిశీలించే చిత్రాల విషయంలోనూ ఆరంభం ఇటువంటిదే. హైదరాబాదులో 1970 దశకంలో జాతీయ దూరసంవేదన సంస్థ వెలసింది. వస్తువును తాకకుండా, దానినుండి ప్రతిఫలించిన కాంతిని దూరం నుండి గ్రహించి దాని స్వభావాన్ని తెలుసుకోవడమే దూరసంవేదనం. ఏపుగా పెరిగిన పైరు ఒక తీరుగా, తెగులు సోకిన పైరు మరొక తీరుగా కాంతిని ప్రతిఫలిస్తాయి. ఉపగ్రహంలోని గ్రాహకాలు ఆ భేదాన్ని నమోదు చేస్తాయి. ఆ సమాచారాన్ని స్వీకరించడానికి షాద్‌నగర్ వద్ద భూకేంద్రం నిర్మించారు. ఆనాడు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండిన షాద్‌నగర్, 2016లో జిల్లాల పునర్విభజన జరిగిన తరువాత రంగారెడ్డి జిల్లాలో చేరింది. 1979 నుండి అక్కడి పళ్లెపు ఏంటెన్నాలు అమెరికావారి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం పంపే సంకేతాలను స్వీకరించసాగాయి. మన నేలను గురించిన సమాచారానికి మనం పరుల కంటిపై ఆధారపడిన కాలమది. 1984లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి ల్యాండ్‌శాట్ చిత్రాల విక్రయాన్ని ఒక వాణిజ్య సంస్థకు అప్పగించింది. చిత్రాల వెల అనేక రెట్లు పెరిగింది. చూపు సరకైనప్పుడు దాని ధరను అమ్మేవాడే నిర్ణయిస్తాడని లోకానికి బోధపడింది.

కొనుగోలు మార్గానికి ఇన్సాట్-1 ఉపగ్రహాలు ఉదాహరణ. వాటిని అమెరికాలోని ఫోర్డ్ ఏరోస్పేస్ అనే ప్రైవేటు సంస్థ నిర్మించింది. ఇన్సాట్-1ఎ 1982 ఏప్రిల్ 10న నింగికెగసింది. దాని సౌర తెరచాప విచ్చుకోలేదు. చివరకు ఉపగ్రహం దిశను నిలపడానికి ఉంచిన ఇంధనం అడుగంటి, సెప్టెంబరులోనే అది నిరుపయోగమైంది. మరుసటి సంవత్సరం ప్రయోగించిన ఇన్సాట్-1బి చక్కగా పనిచేసి దేశమంతటా దూరదర్శన్, టెలిఫోను సౌకర్యాల విస్తరణకు తోడ్పడింది. కొనుగోలు చేసినదంతా చెడ్డదని గాని, సొంతదంతా మంచిదని గాని ఈ అనుభవం చెప్పలేదు. చేసే విద్య తెలిసినవాడే కొన్న వస్తువు మంచిచెడ్డలను తూచగలడని మాత్రం చెప్పింది.

ఇక సొంత నిర్మాణ మార్గం. తొలి భారతీయ ఉపగ్రహం ఆర్యభట రూపుదిద్దుకొన్నది ఏ భవ్యమైన ప్రయోగశాలలోనో కాదు, బెంగుళూరు శివార్లలోని పీణ్య పారిశ్రామికవాడలోని రేకుల షెడ్లలో. యు.ఆర్. రావు నాయకత్వంలో యువ ఇంజనీర్లు దానిని నిర్మించారు. 360 కిలోల ఆ ఉపగ్రహం 1975 ఏప్రిల్ 19న సోవియట్ రాకెట్టుపై ఎగిరింది. 1979 జూన్‌లో భాస్కర-1 వెళ్లింది. భూమిని చూసేందుకు దేశం చేసుకొన్న తొలి కన్ను ఇదే. దాని టెలివిజన్ కెమెరాలకు సుమారు ఒక కిలోమీటరు విస్తీర్ణం గల ప్రదేశం ఒక చుక్కగా కనిపించేది. చూపు మసక. అయినా సొంత చూపు.

రాకెట్టు నిర్మాణం ఇంతకంటె కష్టమైన కార్యం. ఇక్కడనే ధావన్ దూరదృష్టి వెల్లడి అవుతుంది. రాకెట్టులో వేలాది భాగాలుంటాయి. ప్రత్యేకమైన ఉక్కు, రసాయనాలు, కవాటాలు, ఎలక్ట్రానిక్ పరికరాలు కావాలి. వీటన్నిటినీ ప్రభుత్వ సంస్థయే తయారుచేయబూనితే పరిశోధనకు తీరిక ఉండదు. అందువలన తాము కనుగొన్న విధానాలను దేశీయ పరిశ్రమలకు నేర్పి, వారిచేత చేయించుకోవాలనే పద్ధతికి ధావన్ కాలంలో గట్టి పునాది పడింది. నమ్మకమైన గిరాకీ లేని వస్తువును, అదీ కొద్ది సంఖ్యలో, అత్యంత సూక్ష్మమైన కొలతలతో చేయడానికి ఏ కార్ఖానా యజమాని సులభంగా ముందుకు వస్తాడు? శాస్త్రవేత్తలు కార్ఖానాలకు వెళ్లి, కార్మికుల పక్కన నిలిచి పని నేర్పవలసి వచ్చింది.

ఈ పద్ధతి క్రమంగా ఫలించింది. 1974లో ఫ్రాన్సుతో ఒక విలక్షణమైన ఒప్పందం కుదిరింది. ద్రవ ఇంధన ఇంజను విద్యను నేర్చుకొన్నందుకు ప్రతిఫలంగా మన ఇంజనీర్లు ఆ దేశంలో వంద మానవ సంవత్సరాల శ్రమను అందించారు. వందమంది ఒక ఏడాది గాని, యాభైమంది రెండేండ్లు గాని చేయగల పనికి అది సమానం. అలా లభించిన విద్యతో రూపొందినదే వికాస్ ఇంజను. తరువాతి కాలంలో ముంబైలోని గోద్రెజ్, హైదరాబాదులోని ఎంటార్ సంస్థలు ఆ ఇంజనును తయారుచేయడంలో పాలుపంచుకొన్నాయి. పశ్చిమగోదావరి జిల్లా తణుకులో పంచదార చేసే ఆంధ్రా షుగర్స్ సంస్థ 1980 దశకంలో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేయసాగింది. చెరకు గానుగల సీమలో రాకెట్టు ఇంధనం పుట్టడం తెలుగువారు గర్వించదగిన విశేషం.

పనిని ఇలా పదిచోట్లకు పంచినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. ఎక్కడో ఒక కవాటం కారితే, ఎవరో ఒకరి లెక్క తప్పితే, బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నకు ధావన్ మాటలతో కాక ఆచరణతో సమాధానం చెప్పారు.

దేశపు తొలి ఉపగ్రహ వాహక నౌక ఎస్.ఎల్.వి.-3 నిర్మాణానికి ఎ.పి.జె. అబ్దుల్ కలాం సారథి. 22 మీటర్ల ఎత్తు, 17 టన్నుల బరువు గల ఆ నౌకను 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి ప్రయోగించారు. ప్రయోగానికి ముందు కంప్యూటరు ఒక లోపాన్ని సూచించి లెక్కింపును నిలిపివేసింది. నిపుణుల సలహాపై కలాం ముందుకు సాగారు. మొదటి దశ సక్రమంగా పనిచేసింది. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఆమ్లం కారిపోవడం వల్ల నౌక అదుపు తప్పింది. 317 సెకన్లలో, ఏళ్ల తరబడి పడిన శ్రమ బంగాళాఖాతం పాలయింది.

పత్రికా విలేఖరులు ఎదురుచూస్తున్నారు. కలాం అలసటతో, దుఃఖంతో కుంగిపోయి ఉన్నారు. పొరపాటును ఒకరిపై మోపాలంటే ధావన్‌కు అడ్డేమీ లేదు. నిర్ణయం తీసుకొన్నది పథక సంచాలకుడు, భాగాలు చేసినవారు అనేకులు. కాని ధావన్ కలాంను వెంటబెట్టుకొని విలేఖరుల ముందుకు తామే వెళ్లారు. వైఫల్యానికి బాధ్యత తమదేనన్నారు. తమ బృందంపై తమకు పూర్తి విశ్వాసమున్నదని, మరుసటి ఏడాది విజయం సాధించి తీరుతామని ప్రకటించారు. విమర్శల జడివాన ఆయనపై కురిసింది. ఆయన గొడుగు వలె నిలిచారు. గొడుగు కింద బృందం తన పని తాను చేసుకొంది.

1980 జూలై 18న ఎస్.ఎల్.వి.-3 మరల ఎగిరింది. 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపింది. ఈసారి విలేఖరుల ముందు మాట్లాడవలసిందిగా ధావన్ కలాంను పంపించారు. అపజయాన్ని నాయకుడు స్వీకరించాలి, విజయాన్ని అనుచరులకు పంచాలి అనే ఈ పాఠాన్ని కలాం రాష్ట్రపతి అయిన తరువాత కూడా దేశం నలుమూలలా విద్యార్థులకు చెప్పుతూ వచ్చారు.

1982లో కలాం హైదరాబాదులోని రక్షణ పరిశోధనశాలకు వెళ్లి క్షిపణుల నిర్మాణానికి నాయకత్వం వహించారు. అంతరిక్ష సంస్థ మాత్రం పౌర ప్రయోజనాల సంస్థగానే కొనసాగింది. పొలానికి, చెరువుకు, పాఠశాలకు ఉపకరించని అంతరిక్షయానం పేద దేశానికి శోభనివ్వదన్న సారాభాయి సంప్రదాయాన్ని ధావన్ కాపాడారు.

1984లో ఆయన పదవీ విరమణ చేశారు. యు.ఆర్. రావు ఆయన స్థానాన్ని స్వీకరించారు. ధావన్ కాలంలో విత్తనం వేసిన దూరసంవేదన ఉపగ్రహం ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988 మార్చి 17న సోవియట్ రాకెట్టుపై కక్ష్యకు చేరింది. 904 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ 22 దినాలకొకసారి అదే నేలను మరల చూసేది. దాని చూపులో అతి సూక్ష్మమైనది 36 మీటర్ల పరిమాణం. 1995లో వెళ్లిన ఐ.ఆర్.ఎస్.-1సి 5.8 మీటర్ల పరిమాణం గల వస్తువును గుర్తించగలిగింది. ఆ చిత్రాలను అమెరికాకు చెందిన వాణిజ్య సంస్థ కొని ప్రపంచమంతటా విక్రయించింది. ఒకప్పుడు రుసుము చెల్లించి పరుల చూపును కొన్న దేశం తన చూపును అమ్మే స్థితికి ఎదిగింది.

విరమణానంతరం ధావన్ పులికాట్ సరస్సు ఒడ్డున పక్షులను పరిశీలిస్తూ గడపడానికి ఇష్టపడేవారు. సూళ్లూరుపేట సమీపాన నేలపట్టుకు గూడబాతులు, పులికాట్‌కు రాజహంసలు వలస వస్తాయి. బరువైన దేహంతో అవి రెక్కలల్లార్చకుండానే గాలిలో ఎలా తేలిపోతాయో ధావన్ గణిత దృష్టితో విశ్లేషించి, పక్షుల ఎగురుటను గురించి ఒక గ్రంథం రచించారు. దానిని భారతీయ విజ్ఞాన అకాడమి ప్రచురించింది. 1971లో పద్మభూషణ్, 1981లో పద్మవిభూషణ్ పురస్కారాలు ఆయనను వరించాయి.

1999లో కార్గిల్ యుద్ధం జరిగింది. హిమశిఖరాలపై శత్రువు మాటువేసిన చోట్లను కనిపెట్టడానికి 5.8 మీటర్ల చూపు చాలదు. 2001 అక్టోబరు 22న శ్రీహరికోట నుండి టి.ఇ.ఎస్. అనే ఉపగ్రహం వెళ్లింది. ప్రభుత్వం దానిని సాంకేతిక ప్రయోగ ఉపగ్రహమని పేర్కొంది. ఒక మీటరు పరిమాణం గల వస్తువును గుర్తించగల దాని శక్తిని చూసి ప్రపంచం దానిని నిఘా నేత్రమని పిలిచింది. సరిగ్గా ఆ నెలలోనే అమెరికా ప్రభుత్వం ఆఫ్ఘనిస్థాన్‌పై యుద్ధం ఆరంభిస్తూ, ఐకొనొస్ అనే వాణిజ్య ఉపగ్రహం ఆ ప్రాంతంపై తీసే చిత్రాలన్నిటినీ తానొక్కతే కొనివేసింది. ఇతరులకు ఆ చిత్రాలు దక్కలేదు. సంతలో సరకునంతా ఒక్కడే కొంటే తక్కినవారి సంచి ఖాళీయే. అటువంటి వేళ భారతదేశానికి సొంత కన్ను ఉండడం ఎంతటి ధీమానో వేరుగా చెప్పనక్కరలేదు.

2002 జనవరి 3న సతీష్ ధావన్ బెంగుళూరులో కన్నుమూశారు. ఆ సంవత్సరమే సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రమని పేరు పెట్టారు.

ఆయన అనంతర కాలంలో ప్రభుత్వానికీ వాణిజ్య సంస్థలకూ గల సంబంధం కొత్త రూపు దాల్చింది. పూర్వం సంస్థలు ప్రభుత్వానికి కన్నును చేసి ఇచ్చేవి. ఇప్పుడు కన్నును తామే ఉంచుకొని చూపును అద్దెకిస్తున్నాయి. 2022లో అమెరికా నిఘా ఉపగ్రహ సంస్థ మూడు వాణిజ్య సంస్థలతో పదేండ్ల ఒప్పందాలు చేసుకొంది. 2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం తాను కొన్న వాణిజ్య చిత్రాలను ఉక్రెయిన్‌కు అందకుండా కొద్ది దినాలపాటు నిలిపివేసింది. యుద్ధంలో ఉన్న దేశానికి పరుల చూపు ఎంత అస్థిరమో ఆ దినాలు నిరూపించాయి.

భారతదేశంలోనూ మార్పు వచ్చింది. 2020లో అంతరిక్ష రంగం ప్రైవేటు సంస్థలకు తెరచుకొంది. 2024 అక్టోబరులో ప్రభుత్వం ఆమోదించిన నిఘా పథకంలోని 52 ఉపగ్రహాలలో 31 ఉపగ్రహాలను ప్రైవేటు సంస్థలు నిర్మిస్తాయని ప్రకటితమైంది. 2025లో పన్నెండు భూపరిశీలన ఉపగ్రహాల వ్యవస్థను నెలకొల్పే బాధ్యతకు ఎంపికైన సంస్థల కూటమిలో హైదరాబాదుకు చెందిన ధ్రువ స్పేస్ ఒకటి. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని ఆదిబట్లలో టాటా సంస్థ కార్ఖానాలు రవాణా విమానాల తోక భాగాలను, యుద్ధ హెలికాప్టర్ల దేహాలను తయారుచేస్తున్నాయి. అదే టాటా సంస్థ కర్ణాటకలోని తన కర్మాగారంలో కూర్చిన భూపరిశీలన ఉపగ్రహం 2024 ఏప్రిల్‌లో అమెరికా ప్రైవేటు రాకెట్టుపై కక్ష్యకు చేరింది. ఒకప్పుడు జొన్న, కంది చేలు పరచుకొన్న గ్రామసీమల యువతకు విమాన, అంతరిక్ష పరిశ్రమలు నేడు అందుబాటులోకి వచ్చాయి.

ఈ విస్తరణకు ధావన్ వేసిన బాట ఆధారం. అయితే ఆ బాటలో రెండు పాదముద్రలున్నాయి. పరిశ్రమను నమ్మి పనిని పంచడం ఒకటి. ఆ పని మంచిచెడ్డలకు తానే జవాబుదారి కావడం రెండవది. కార్ఖానాలో బిగించిన మర వదులైతే రాకెట్టు కూలుతుంది. ఆ నష్టాన్ని మరల కూడగట్టుకోవచ్చు. రాజ్యం తన చూపుకు సంబంధించిన బాధ్యతను వదులుకొంటే ఆ లోటు ఎప్పుడు బయటపడుతుందో ఎవరూ చెప్పలేరు. ఏ చిత్రం ఎవరికి అందాలి, ఎవరి పొలాన్ని, ఎవరి ఇంటిని, ఎంత నిశితంగా చూడవచ్చు అనే నిర్ణయాలను సంస్థల ఒప్పంద పత్రాలకు విడిచిపెట్టడం తగదు. అవి ప్రజలకు జవాబు చెప్పవలసిన ప్రభుత్వాలవి. 1979 ఆగస్టులో శ్రీహరికోటలో విలేఖరుల ముందు నిలిచిన ఆచార్యుడు ఆచరించి చూపినది ఈ ధర్మాన్నే.

కఠిన పదాలకు అర్థాలు

చారుడు = వేగులవాడు, గూఢచారి
పటాలం = సేనాదళం
అగ్రగణ్యుడు = మొదట లెక్కించదగినవాడు
ఉన్ముఖుడు = పూనుకొన్నవాడు
ఆఘాతం = దెబ్బ, తాకిడి
దూరసంవేదనం = తాకకుండా దూరం నుండి గ్రహించడం
కవాటం = ప్రవాహాన్ని అదుపుచేసే తలుపు
జడివాన = ఎడతెగక కురిసే వాన
నిశితం = పదునైనది, సూక్ష్మమైనది

ప్రశ్నలు

అ. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. సతీష్ ధావన్ ముందున్న మూడు మార్గాలను సోదాహరణంగా వివరించండి.
2. ఎస్.ఎల్.వి.-3 ప్రయోగ సందర్భాలలో ధావన్ వ్యక్తిత్వం ఎలా వెల్లడయిందో తెలపండి.
3. ఉపగ్రహ నిఘాకు ప్రభుత్వాలు వాణిజ్య సంస్థలపై ఆధారపడడంలోని మేలు కీడులను చర్చించండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు రాయండి.
1. షాద్‌నగర్ భూకేంద్రం ప్రాధాన్యమేమిటి?
2. వంద మానవ సంవత్సరాల శ్రమ అంటే ఏమిటి?
3. వర్తకుల విషయంలో ఆముక్తమాల్యదలోని రాజనీతి ఏమి బోధించింది?
4. ఇన్సాట్-1ఎ అనుభవం నేర్పిన పాఠమేమిటి?